'రైజు' అను నాంగ్లక్రియ: అర్థప్రయోగవిచారము

కడపజిల్లాలోని ప్రొద్దుటూరు పేరులోనే ప్రొద్దు గలదు. 'ప్రొద్దుట' అను పదమునకు 'ఊరు' అనునది పరమగునపుడు సంధిచే 'ప్రొద్దుటూరు' అను రూప మేర్పడునని యక్షరములఁబట్టి చెప్పవచ్చును. ప్రొద్దుట జరుగు ప్రధానమైన పని ప్రొద్దు పొడుచుట. ఈ పని నాంగ్లేయులు 'రైజు' అను క్రియచేఁ జెప్పుదురు. అయినను ఆ యూరి పాఠశాలలో నాంగ్లవాక్యములఁ దెనిఁగింపఁ బూనిన బాలుఁడు, 'రైజు' అనఁగా 'లేచుట' యని యొక్క యర్థమునే వల్లించియుండెనేని, తన యూరిపేరిలోని ప్రొద్దునే సరిగాఁ బొడిపింపఁజాలఁడు.

ఆ బాలుని కీ క్రింది యైదు వాక్యముల నిచ్చితిమేని చిక్కు తేటపడఁగలదు. సూర్యుఁడు తూర్పున 'రైజు' అగును. పెన్న నందికొండలలో 'రైజు' అగును. నిన్నరాత్రి పెన్న 'రైజు' అయ్యెను. బంగారు ధర 'రైజు' అయ్యెను. న్యాయస్థాన మైదుగంటలకు 'రైజు' అయ్యెను. ఆంగ్లమున నీ యైదింటను గ్రియ యొక్కటియే. తెనుఁగున మొదటిది 'ప్రొద్దు పొడుచును'. రెండవది 'పెన్న పుట్టును'. మూఁడవది 'పెన్న పొంగెను'. నాల్గవది 'ధర హెచ్చెను'. ఐదవది 'న్యాయస్థాన మానాఁటి పని చాలించెను'. ఐదు వాక్యముల కైదు క్రియలు. ఒక్కచోటనైనను 'లేచు' ధాతువు రాలేదు. వల్లించిన యర్థ మొక్కటి. కావలసిన యర్థము లైదు.

ఇట్లగుటకుఁ గారణ మేమి? ఆంగ్లభాష యిచ్చట గమనముయొక్క దిక్కును మాత్రము చూచుచున్నది. క్రిందినుండి మీఁది కగు చలన మేదియైనను, మీఁదికి వచ్చినట్లు మనసునకుఁ దోఁచు మార్పేదియైనను దానికి 'రైజు' చాలును. తెనుఁగు దిక్కుతోఁ దృప్తినొందదు. మీఁదికి వచ్చున దెవరు? ఎట్లు వచ్చుచున్నారు? అని యడిగి యాపైఁ గ్రియ నేర్పఱచుకొనును. కావున 'రైజు' క్రియకుఁ దెలుఁగున నర్థము చెప్పవలసినవాఁడు మున్ముందుగాఁ గర్తను వెదకవలెను. కర్త తెలియనిది యర్థము తెలియదు. ఈ వ్యాసమున నిరూపింపవలసిన ప్రధానాంశ మిదియే.

ముందుగా నాంగ్లక్రియయొక్క స్వరూపము విచార్యము. 'రైజు, రోజ్, రిజన్' అనునవి దాని మూఁడు రూపములు. ఇది యాంగ్లమునఁ బ్రాచీనమగు ధాతువు. ప్రాచీనాంగ్లమున 'రీసన్' అని యుండెను. కాలభేదమును బ్రత్యయముచేఁ గాక ధాతువులోని యచ్చును మార్చుటచేఁ దెలుపు క్రియలవర్గమునఁ జేరినది. ఇది యకర్మకము. తాను మీఁదికి వచ్చుటయే గాని మఱియొకదానిని మీఁదికిఁ దెచ్చుట దీని యర్థము గాదు. ఆ యర్థమునకు 'రేజు' అను వేఱు క్రియ కలదు; అది సకర్మకము; దాని భూతరూపము 'రేజ్డ్' అని ప్రత్యయాంతము. పాఠశాలలలో నీ రెండింటిని గలిపివేసి, 'వాఁడు చేయి రోజ్ చేసెను' అను నర్థముననో 'ధర రేజ్డ్ అయ్యెను' అను నర్థముననో బాలురు వ్రాయుట తఱచు. 'లేచు, లేపు' అను తెలుఁగు జంటను జూపినచో నీ తప్పు వెంటనే తొలఁగును. 'చేయి లేచెను' అనునదియు 'చేయి లేపెను' అనునదియు నొకటి గాదని యే బాలుఁడైనను నెఱుఁగును. నిలుచు, నిలుపు అనునదియు నిట్టి జంటయే. ఆంగ్లేయులలోనే యొక విశేషము గలదు: జీతము హెచ్చుటను ఇంగ్లండువారు 'రైజు' అను నామముచేతను, అమెరికావారు 'రేజు' అను నామముచేతను వ్యవహరింతురు. మొదటివారి దృష్టిలో జీతము తానై పెరిగినది. రెండవవారి దృష్టిలో యజమానుఁడు పెంచినాఁడు.

ఇచ్చట వైయాకరణులకుఁ బ్రీతికరమగు నంశ మొకటి గలదు. 'రేజు' అనునది 'రైజు' క్రియకు నాంగ్లమునందే పుట్టిన ప్రేరణరూపము గాదు. అది యుత్తరదేశపు నార్సుభాషనుండి వచ్చి చేరినది. స్వదేశీయమైన ప్రేరణరూపము 'రియర్'. ప్రాచీనాంగ్లమున నిది 'రేరన్'. మూలధాతువున సకారముండఁగాఁ బ్రేరణమున రేఫ మెట్లు వచ్చినది? డెన్మార్కు పండితుఁడగు కార్ల్ వెర్నరు దీనికి సూత్రము కనుఁగొనెను. పూర్వభాషలో స్వరము ధాతువుపై నిలువక ప్రత్యయముమీఁదికిఁ బోయినపుడు నడిమి సకారము మెత్తనై, పిదప రేఫముగా మాఱినది. 'వాజ్, వేర్' అను భూతరూపములలో నొకట జకారధ్వనియు, మఱియొకట రేఫమును గనఁబడుట కిదియే కారణము. సంస్కృతమున సకారమునకు రుత్వము గలుగుట పండితుల కపరిచితము గాదు. అయినను అచ్చట నది పదాంతమున నగు కార్యము, ఇచ్చట స్వరస్థానముచే నగు కార్యము. ఫలము పోలినను నిమిత్తములు వేఱు. 'రియర్' అనఁగా నేఁడు బిడ్డలను, పశువులను బెంచుట. తెనుఁగునను 'పెంచు' అనునది 'పెరుగు' ధాతువునకుఁ బ్రేరణరూపమే. పెరుఁగఁ జేయుటయే పెంచుట యని రెండు భాషలును వేఱువేఱుగాఁ దలఁచినవి.

కర్తనుబట్టి, యర్థమునుబట్టి క్రియ భేదించుట సంస్కృతమునకును దెలిసినదే. పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ తృతీయపాదమున నాత్మనేపదప్రకరణము నడపెను. అందు నిరువదినాల్గవ సూత్రమున, 'ఉత్' ఉపసర్గతోఁ గూడిన 'స్థా' ధాతువు శరీరముతో మీఁదికి లేచుటను జెప్పనిచో నాత్మనేపదము నొందునని విధించెను. పీఠమునుండి లేచువాఁడు 'ఉత్తిష్ఠతి'. విద్యకై పూనుకొనువాఁడు 'ఉత్తిష్ఠతే'. దేహము లేచుట యొకటి, సంకల్పము లేచుట యొకటి యని ప్రత్యయముచేతనే యాచార్యుఁడు వేఱుచేసెను. ఆపై వార్తికకారుఁడు, ప్రయత్నార్థమున మాత్రమే యాత్మనేపదమని నియమించెను. అందుచే నూరినుండి పన్నుగా నూఱు రూకలు వచ్చుననుచోటఁ బ్రయత్నము లేదు గనుకఁ బరస్మైపదమే. భూమినుండి కలుగు నాదాయమును జెప్పుచు నాంగ్లేయ న్యాయగ్రంథములును 'అరైజు' అను క్రియనే వాడుట యిచ్చట స్మరణీయము.

ఆ పాదమునందే నలువదవ సూత్రమున, 'ఆఙ్' పూర్వమగు 'క్రమ్' ధాతువునకు మీఁది కేఁగుట యర్థమగునపుడు ఆత్మనేపదము విహితము. వార్తికకారుఁడు దానిని జ్యోతిస్సులకే పరిమితము చేసెను. సూర్యుఁ డుదయించునపుడు 'ఆక్రమతే'. పొగ మీఁదికిఁ బోవునపుడు 'ఆక్రామతి'. దిక్కొక్కటియే, గమన మొక్కటియే. కర్త మాఱఁగా రూపము మాఱినది. 'రైజు' విషయమునఁ దెనుఁగు చేయుచున్న పని యిట్టిదే. సంస్కృతము పదప్రత్యయముచేఁ జూపిన భేదమును దెనుఁగు ధాతుభేదముచేఁ జూపును. 'ప్రొద్దు పొడిచెను, పొగ లేచెను' అను తెలుఁగువాఁడు తెలియకయే వార్తికకారుని బాటను నడుచుచున్నాఁడు.

ఇఁక దెలుఁగు క్రియలను విషయక్రమమునఁ జూడవలెను. 'పొడుచు' అనఁగా మఱుఁగును జీల్చుకొని బయటికి వచ్చుట. ప్రొద్దు, చుక్క, మొలక యనునవి పొడుచును. బల్లెముతోఁ బొడుచుట సకర్మకము. ప్రొద్దు పొడుచుట యకర్మకము. చొచ్చుకొని వచ్చుట రెండింటను సమానము. ఉదయపర్వతమునకుఁ 'బొడుపుఁగొండ' యను పేరు దీనివలననే కలిగినది. 'ఎక్కు' అనఁగా మెట్టుమెట్టుగా మీఁదికిఁ బోవుట. పొడిచిన ప్రొద్దే కొంతసేపటికి 'బారెడెక్కును'. ఆంగ్లమున నీ రెండు దశలకును 'రైజు' చాలును, తెలుఁగురైతునకుఁ జాలదు. ప్రొద్దు పొడిచినపుడు మడక కట్టవలెను; ప్రొద్దెక్కినపుడు చల్దికి నిలువవలెను. జ్వరము, విషము, మత్తు నెక్కును. నీరు గట్టు నెక్కును.

'పొంగు' అనఁగా లోపలినుండి యుబ్బి యంచు దాఁటుట. పాలు పొంగును, ఏఱు పొంగును. కుందూ, పాపఘ్ని మొదలగు నేఱులు తెచ్చిన నీటితోఁ బెన్న పొంగెననఁగా గట్టులకు భయమని యర్థము. మైలవరము జలాశయమున నీరు కొంచెము కొంచెముగాఁ జేరుచున్నపుడు 'పొంగినది' యనరు. 'నీటిమట్టము పెరిగినది' యందురు. ఆంగ్లవార్తలో రెండింటికి 'రైజు' ఒక్కటియే యుండవచ్చును. తెనిఁగించువాఁడు పెరిగినదానిని బొంగినదిగా వ్రాసెనేని యేటియొడ్డు గ్రామములవారు మూటలు గట్టుకొందురు. పొంగినదానిని బెరిగినదిగా వ్రాసెనేని కట్టుకొనవలసినవారు కట్టుకొనరు. క్రియాపదనిర్ణయ మిచ్చటఁ బండితులగోష్ఠికి మాత్రమే చెందినది గాదు.

'హెచ్చు, పెరుగు' అనునవి పరిమాణమునకుఁ జెందినవి. ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకుఁ బేరొందిన పట్టణము. అచ్చటి యంగళ్లలోఁ బసిఁడిధర హెచ్చును, పెరుగును, ఎక్కును. కాని పొడువదు, పొంగదు. 'లేచు' అనఁగాఁ బడియున్నది, కూర్చున్నది, యడఁగియున్నది నిలుచుట. మనిషి నిద్రనుండి లేచును, పిట్ట చెట్టునుండి లేచును, దుమ్ము బాటనుండి లేచును. కడపసీమ వ్యవహారమున 'లేసినాఁడు' అను రూపమును వినవచ్చును. 'రేఁగు' అనునది యడఁగియున్నది కలఁతనొంది విజృంభించుట. దుమ్ము లేచుటకును రేఁగుటకును భేదము గలదు. రెండవదాన గాలియొక్క యుద్ధతి తోఁచును. మంటయుఁ గోపమును రేఁగును.

'లేచు' ధాతువునకు మఱియొక క్రియ చేరినప్పుడు జాగరూకత మిక్కిలి యవసరము. 'లేచిపోవు' అనునది లోకమున రహస్యముగా నిల్లు విడిచిపోవుటకు రూఢమైనది. పెద్దమనుష్యుఁడు సభనుండి 'రైజ్' అయి వెళ్లెనని యున్నచో 'లేచి వెళ్లెను' అనవలెను గాని 'లేచిపోయెను' అనరాదు. ఒక్క యనుబంధక్రియ మాఱినంతనే మర్యాద యపహాస్య మగును.

'అరైజు' అను క్రియ 'రైజు' క్రియకుఁ దోఁబుట్టువు. దాని రూపములు 'అరైజు, అరోజ్, అరిజన్'. పూర్వము శరీరముతో లేచుటకు నిది వాడుకలో నుండెను. నేఁటి గద్యమున నాయర్థము ప్రాఁతపడినది. ఇప్పుడిది లేనిది కలుగుటను, ఒకదానివలన వేఱొకటి పుట్టుటను బోధించును. సందేహము, వివాదము, అవసరము దీనికిఁ గర్తలు. తెలుఁగున 'సందేహము కలిగెను, వివాదము పుట్టెను, అవసరము వచ్చెను' అనవలెను. 'సందేహము లేచెను' అన్నచోఁ గూర్చున్న సందేహమేదో నిలుచున్నట్లుండును. 'ప్రశ్న తలయెత్తెను' అనుట నేఁడు వ్యాప్తమైనది. తలయెత్తుట తెలుఁగునకు సహజమగు జాతీయమే కావున నది దోషము గాదు. పెన్న నందికొండలలోఁ 'రైజు' అగుననుటయు నర్థమున నీ కోవకుఁ జేరినదే. నది పుట్టును, పుట్టినపిదప నది క్రిందికే పాఱును. మీఁది కేఁగనిదానికి 'రైజు' అనుట యాంగ్లజాతీయము; దానిని మాటకుమాటఁ దెనిఁగించుట హాస్యాస్పదము.

చలనము లేనిచోటను ఆంగ్లేయులు 'రైజు' ప్రయోగింతురు. జమ్మలమడుగు సమీపమున గండికోటకడఁ బెన్న యెఱ్ఱమలలను గోసికొని లోఁతగు నిఱుకుదారిఁ బాఱును. ఆ నదికిఁ బైగా ఱాతిగోడలు 'రైజు' అగుచున్నవని యాంగ్లయాత్రికుఁడు వ్రాయును. అచ్చట లేచున దేదియు లేదు. చూచువాని చూపు క్రిందినుండి మీఁది కెక్కుచున్నది. చూపుయొక్క గమనమును ఱాతికి నారోపించుట యది. తెలుఁగున 'ఱాతిగోడలు నిటారుగా నిలిచియున్నవి' యనవలెను.

సభయు న్యాయస్థానమును 'రైజు' అగుట మఱింత మోసకరము. న్యాయాధిపతి పీఠమునుండి లేచుటచే నానాఁటి విచారణ ముగియును. లేచుట ముగింపునకు గుఱుతు. ఉదయార్థమును మనసున నుంచుకొన్న బాలుఁడు దీనిని 'ప్రారంభ మయ్యెను' అని తెనిఁగించు ప్రమాదము గలదు. అప్పుడర్థము సరిగాఁ దలక్రిందగును. పదవియందు 'రైజు' అగుట వేఱు. కంపెనీ సైన్యమునఁ గెడెట్టుగాఁ జేరిన తామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల ప్రధానకలెక్టరుగా నుండి, 1820లో మద్రాసు గవర్నరగుట నాంగ్లేయులు 'రోజ్' అను మాటతోఁ జెప్పుదురు. తెలుఁగున 'పైకివచ్చెను' అనుట యుక్తము. 'లేచెను' అనుట యర్థరహితము.

మృతులు 'రైజు' అగుట క్రైస్తవగ్రంథములలోని ప్రయోగము. లండన్ మిషనువారు పనిచేసిన కడప, జమ్మలమడుగు ప్రాంతములవారికిఁ 'బునరుత్థానము' అను మాట చిరపరిచితము. కార్తికశుక్లైకాదశిని 'ఉత్థానైకాదశి' యనుటలో విష్ణువు యోగనిద్రనుండి లేచుట యర్థము. ఒక్క 'ఉత్థాన' శబ్దమే యొకచోట మరణమునుండియు, మఱియొకచోట నిద్రనుండియు లేచుటను దెలుపుచున్నది. ఇచ్చట నుపకరించునది ధాతువు గాదు, సందర్భము.

కడపట విచారింపవలసినది జనులు 'రైజు' అగుట. 1846లో, నానాఁడు కడపజిల్లాలోనిదైన కోయిలకుంట్లసీమలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ ప్రభుత్వము నెదిరించి ఖజానాపైఁ బడెను. 1847 ఫిబ్రవరిలో నతని నురిదీసిరి. ఇట్టి ఘటనను జెప్పుట కాంగ్లమున రెండు మాటలు గలవు: 'రెబెలియన్', 'రైజింగ్'. మొదటిదానిలోఁ బ్రభువుపట్ల ద్రోహమను నింద యిమిడియున్నది. రెండవదాన నింద లేదు. పడియున్నవాఁడు నిలుచుండుటయే తోఁచును. తెలుఁగున రెండింటికి 'తిరుగుబాటు' అని వ్రాయుట వాడుక. 'తిరుగఁబడు' అనఁగా లొంగియున్నవాఁడు వెనుకకు మరలి యెదిరించుట. ఆ మాట యెదిరింపఁబడిన యధికారమును దప్పక జ్ఞప్తికిఁ దెచ్చును. 'రైజింగ్' అనునది లేచినవానినే ముందు నిలుపును. కావున మూలమున 'రెబెలియన్' అని యుండఁగాఁ 'దిరుగుబాటు' అనుట కొంతవఱకుఁ జెల్లును. 'రైజింగ్' అని యుండఁగా 'ఎదిరించి నిలుచుట' యనియో, 'ప్రజలు లేచి నిలుచుట' యనియో చెప్పుట మూలమునకు సన్నిహితము. ఒక్క క్రియాపదము మాఱుటచే నొక పురుషుఁడు ద్రోహి కావచ్చును, వీరుఁడు కావచ్చును. చరిత్రపాఠమును బోధించు పండితుఁడు ఈ భేదమును బాలురకుఁ జెప్పక విడువరాదు.

నిఘంటుకారులకును నీ విచార మవశ్యకము. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లోఁ గడపకు వచ్చి, యచ్చటఁ దన బంగళాలోఁ బండితులను నిలిపి తెలుఁగుగ్రంథముల ప్రతులను బరిష్కరింపించెను. ఆయన తెలుఁగునిఘంటువు 1852లో వెలువడినది. తెలుఁగుమాటకు నాంగ్లార్థము చెప్పునపుడు 'లేచు, పొడుచు, ఎక్కు, పొంగు' అనునవి తమతమ యక్షరక్రమమున వేఱువేఱు తావులఁ బడును. వాని భేదము చెడదు. ఆంగ్లమాటకుఁ దెలుఁగర్థము చెప్పునపుడు మాత్రమవి యన్నియు 'రైజు' క్రింద నొక్క వరుసఁ జేరును. వరుసగాఁ బేర్చిన పర్యాయములను జూచిన బాలుఁడు మొదటిదానినే గ్రహించును. మొదట నుండునది తఱచుగా 'లేచు'. ప్రతిపర్యాయమునకు ముందు దాని కర్తను జేర్చి, 'ప్రొద్దు: పొడుచు, ఏఱు: పొంగు, మూలమునఁ బుట్టు, ధర: హెచ్చు, దుమ్ము: లేచు, రేఁగు, సందేహము: కలుగు, న్యాయస్థానము: పని చాలించు' అని వ్రాసినచో నాలుగుపంక్తులు హెచ్చునే గాని చిక్కు తీరును.

పాఠశాలలోఁ జేయవలసిన పనియు నింతియే. 'రైజు' అనఁగా నేమి యని యడుగుటకు మాఱుగా 'రైజు' అగున దేది యని బాలుని నడుగవలెను. అతఁడు సూర్యుఁడని చెప్పినచోఁ బొడుచుట తానే తోఁచును. పెన్న యని చెప్పినచోఁ బుట్టినదో పొంగినదో యని తానే విచారించును. ఆ విచారము గలిగిననాఁడు బాలున కాంగ్లక్రియతోఁబాటు తన తల్లిభాషలోని యేడెనిమిది క్రియల విలువయుఁ దెలియవచ్చును. పరభాషాపదమొకటి స్వభాషాసంపదను జూపుటకు దీపమగుటకంటెఁ బాఠమునకు వేఱు ప్రయోజన మేమి యుండును? ఉపాధ్యాయు లీ క్రమమును దమ తరగతులలోఁ బరీక్షించి, యిందుఁ జేరనట్టి ప్రయోగములను దమతమ సీమల వ్యవహారమునుండి కూర్తురు గాక.